సింహముఖి ఎటు చూసింది?

ముద్రాధికారి ఇపుయ్ తన గదిలోనే చచ్చిపడి ఉన్నాడు. గొంతు చుట్టూ తాడు బిగించిన గుర్తు. మెడలోని కంచు ముద్ర మాత్రం ఎక్కడికీ పోలేదు.

"ముద్ర ఇక్కడే ఉంది కదయ్యా, మరి దేనికి చంపినట్టు?" అన్నాడు వేగువాడు పెన్తు.

ఫారో వేగుల పెద్ద హూయ్ ఆ ముద్ర తీసి అతని అరచేతిలో పెట్టాడు. బొటనవేలి గోరంత ముక్క. దానిమీద సింహముఖంతో సెఖ్మెత్ దేవత, తలమీద సూర్యబింబం. గీతల్లో తడి మట్టి ఇరుక్కుని ఉంది.

"అచ్చు తీసుకుపోయారు. దాన్ని చూసి దొంగముద్ర చెక్కుతారు. ఈ దేవత బొమ్మ పడిన ఉత్తరం అందితే సరిహద్దు కోటలో ఎవరూ మారుమాట్లాడరు. మన శత్రువులు హిట్టైట్లకు కావలసింది అదే. అసలు ముద్రతో అచ్చు ఒకటి తీసి పట్టుకుని ఆ కోటకు వెళ్లు. అక్కడ తకత్‌ని కలువు."

"ఆ గుడి పాటకత్తెనా? రెండు వైపులా జీతం తింటుందంటారే!"

"అంటారు. కళ్లు తెరుచుకునే కలువు."

మూడో రోజు మధ్యాహ్నం, ఉల్లిపాయల గాడిదను తోలుకుంటూ పెన్తు కోట చేరాడు. లోపలి వాకిట్లో తకత్ ఎదురైంది. కళ్లనిండా కాటుక, ఒంటినిండా అత్తరు.

"ఉల్లి తియ్యగా ఉంటుందా?" సంకేతం అదే.

"ఏడిపించేదే ఉంది."

"అయితే ఏడువు. కోటను కొత్త దళానికి అప్పగించమని ఉత్తరం పొద్దున్నే వచ్చింది. సేనాని పసేర్ కోట ఖాళీ చేస్తున్నాడు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"నేను చెబితే పాట పాడమంటాడు. పరుగెత్తవయ్యా!"

సైనికులు మూటలు కట్టుకుని బారులు తీరారు. మొసళ్ల కాలువకు అవతల, ఈజిప్టు దుస్తుల్లో 'కొత్త దళం' వంతెన ఎక్కుతోంది. ద్వారం గడియ సగం లాగేశారు. పెన్తు బారులను తోసుకుంటూ దూసుకుపోయాడు. ఇద్దరు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"ఎవడ్రా నువ్వు?" గద్దించాడు పసేర్.

"ఫారో మనిషిని. ఆ ఉత్తరం దొంగది."

"ముద్ర కనబడటం లేదా?"

"నా మొలలో అసలుది ఉంది. రెండూ పక్కపక్కన పెట్టండయ్యా. ఆ తర్వాత మొసళ్లకు వేసినా సరే!"

పసేర్ విసుక్కుంటూనే చూశాడు. అసలు అచ్చులో దేవత కుడివైపు చూస్తోంది. ఉత్తరం మీద ఎడమవైపు. అతను ద్వారం వైపు తిరిగాడు.

"గడియ! గడియ వెయ్యండి!"

దూలం పడీపడగానే అవతలి నుంచి గొడ్డళ్లు తలుపును తాకాయి. గోడలమీది విలుకాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. కాసేపట్లో వంతెన ఖాళీ అయింది.

"దొంగముద్ర చెక్కినవాడు ఇంత తప్పెలా చేశాడు?" పెన్తు అడిగాడు.

"హిట్టైట్లకు వాణ్ని కుదిర్చిపెట్టింది నేనే," అంది తకత్. "నగలు చేసేవాడు. మట్టిలో ఉన్నది ఉన్నట్టే చెక్కమన్నాను. అద్దితే తిరగబడుతుందని వాడికి తట్టలేదు. అసలుది పట్టుకుని ఎవరో ఒకరు రావాలని రోజూ దేవతకు మొక్కాను." ఆమె గొంతు తగ్గింది. "ఇపుయ్‌ని చంపుతారని మాత్రం నాకు తెలియదు."



పసేర్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏడేళ్లుగా ఈ ముద్ర చూస్తున్నాను. అమ్మవారి మొహం ఎటు ఉందో ఒక్కనాడూ గమనించలేదు."

"మీరు ఏ ఆడదాని మొహమైనా చూడగా నేనూ గమనించలేదు లెండి," అంది తకత్.