ఒక రోజు మూత్రం

తారాబాయి పాదాలు ఆ పొద్దున ఎంత వాచాయంటే, చెప్పుల్లో వేళ్లు కూడా దూరలేదు. మంగేష్ చూశాడు. తల్లిని ఒక్క మాట అడగకుండా పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. దర్శన కూరలో ఉప్పు గుమ్మరిస్తున్నదట, అత్తను తొందరగా సాగనంపాలని చూస్తున్నదట! రెండు నెలలుగా ఆ ఇంట్లో ఉప్పులేని పప్పే ఉడుకుతోంది, దర్శన కూడా అదే మింగుతోంది... ఎవరితో చెప్పుకోవాలి? కామాఠిపురలోని ఆ పదడుగుల గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న తారాబాయి మాత్రం కొడుకును వారించలేదు. కొంగుతో మోకాళ్లు కప్పుకుని వింటూ కూర్చుంది.

ఆమెకు పెద్దపేగు క్యాన్సర్. మూడు వారాలకోసారి ఆసుపత్రిలో సూది. కంతికి కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపే మందు. కంతి సగానికి సగం తగ్గింది కూడా! కానీ ఆ మందు బీపీ పెంచుతుందని, కిడ్నీలను దెబ్బతీయవచ్చని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. మూత్రంలో కాస్త ప్రోటీన్ కనిపించాక, ప్రతి సూదికీ ముందు ఒక రోజంతా ఒక్క చుక్క పోకుండా మూత్రం డబ్బాలో పట్టి తెమ్మంది; ప్రోటీన్ పెరిగితే సూది ఆపాలట.

చెప్పడానికేం, ఎన్నైనా చెప్తారు! వాళ్లుండే చాల్‌లో, ఆ వరస గదుల పాత మేడలో, ఇరవై గదులకు గ్యాలరీ చివర నాలుగు సండాసు దొడ్లు, వాటి ముందు ఎప్పుడూ మగవాళ్ల లైను. డబ్బా గదిలోనే, మోరీలో పెడదామంది దర్శన. అంట్లు తోముకుని స్నానాలు చేసే మూల అది. దానికి సరిగ్గా పైన ఎల్లమ్మ పటం. ఉన్నదే ఒక్క గది, అమ్మవారిని ఇంకెక్కడికి జరుపుతారు? ఎల్లమ్మ కాళ్ల దగ్గర ఉచ్చ డబ్బా పెడితే ఇల్లు నాశనమైపోతుందని మంగేష్ కేకలేశాడు. డబ్బా సండాసుల పక్క సందులోకి పోయింది. దర్శన పగలంతా వర్లిలో నాలుగిళ్లలో వంట చేయాలి. సాయంత్రం వచ్చి నిండిన డబ్బా చూసి, అత్తమ్మ ఓపికకు కళ్లు చెమర్చేవి ఆ పిచ్చిదానికి! రిపోర్టులు బాగానే వచ్చాయి. వాపు ఉందంటే డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది. మరో మూడు సూదులు పడ్డాయి.

ఆ పొద్దున ముగ్గురూ ఆసుపత్రికి వెళితే, ఈసారి డాక్టరమ్మ ఆ పాదాలను వేలితో నొక్కి, గుంట పడటం చూసి వెంటనే రక్తం తీయించింది. రక్త పరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నట్టు తేలింది. పాత కాగితాలన్నీ తిరగేసి, మూత్రం కొలత నిండుగానే ఉన్నా అది నీళ్లలా పలచగా ఉందని, రోజంతటిదీ కాదని చెప్పింది. ఎవరు పట్టారని అడిగింది. మంగేష్ వెంటనే దర్శనను చూపించాడు.

అప్పుడు తారాబాయి నోరు విప్పింది.

“నేనే పోసిన, నల్లా నీళ్లు. పొద్దుగాల ఒక్కపారి, రాత్రి ఒక్కపారి పట్టిన. నడుమల మగోళ్ల ముంగటికెల్లి డబ్బా పట్కొని పోనీకి షరమైంది.”

దర్శన అత్త వైపు తిరిగింది.

“రెండు నెలలు ఆయన నన్ను తిడ్తుంటె విన్నవు గద అత్తమ్మా. ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“చెప్తె వాడు నన్ను తిడ్తడు,” అంది తారాబాయి తల వంచుకుని.

ఎంత నిజం! కొడుకు నోటికి భయపడి, తన వంతు తిట్లు కూడా కోడలికే వదిలేసింది. మంగేష్ అప్పటికైనా తల దించుకున్నాడా? ఇదంతా దర్శన నేర్పించిందా అని తల్లిని అడిగాడు!

సూది ఇక లేదంది డాక్టరమ్మ. ఆపేశాక కిడ్నీలు కొంత కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. కంతి అంతవరకూ ఊరుకుంటుందని తాను మాట ఇవ్వలేనంది. వేరే మందు మొదలుపెట్టడానికి ఇంటివాళ్ల సంతకం కావాలని కాగితం జరిపింది. మంగేష్ పెన్ను అందుకోబోతే తారాబాయి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. ముప్పై ఏళ్లలో కొడుక్కి ఆమె అడ్డు చెప్పింది అదొక్కసారే.

“దర్శన చేస్తది సంతకం. ఇగ నా సంగతి అదే చూస్కుంటది.”

రెండు నెలల కింద ఈ మాట అని ఉంటే... దర్శన సంతకం చేసింది. పేరు పక్కన రోగికి ఏమవుతారో రాయమంది నర్సు.

“బిడ్డ అని రాయి,” అంది తారాబాయి. ఆమె కళ్ల నిండా నీళ్లు.

దర్శన కోడలు అని రాసి కాగితం నర్సుకిచ్చింది.