లోపలి పొట్లం

పలాసలో మూతపడిన ఒక జీడి షెడ్డు మీద మేడగది అద్దెకు తీసుకుని, భానుప్రియ అక్కణ్ణుంచే బెంగుళూరు కంపెనీకి పనిచేస్తోంది. నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం రాయడం ఆమె పని. మూడు వారాలుగా దానికి టనెలింగ్ నేర్పుతోంది. అంటే ఒక డేటా పొట్లంలో ఇంకో పొట్లం దాచి పంపితే, పైది విప్పి లోపలిది అందించడం కార్డే చూసుకోవాలి. సాయంత్రంలోగా పని చూపించకపోతే ఆమె ఉద్యోగం ఉండదు.

ఆ మధ్యాహ్నం తుఫాను మబ్బులకు ఆకాశం మసకబారింది. పరీక్షకని రెండో కంప్యూటర్ కింద షెడ్డులో పెట్టారు. దాని ముందు మేనమామ కొడుకు సాయికుమార్ కూర్చున్నాడు. రెండింటికీ మధ్య మెట్ల మీదుగా పొడవాటి వైరు. షెడ్డు నిండా, ఒకప్పుడు ఆడకూలీలు జీడిపిక్కలు కోసిన పాత మిషన్లు. పని ఆగి ఏళ్లయినా, కాలిన జీడిపెంకు వాసన మాత్రం నేలను వదల్లేదు.

మూడింటికి లోపలి పొట్లం విడింది. భాను తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. సాయికుమార్ పంపినవన్నీ వట్టి సున్నాలే. తెర మీద మాత్రం తెలుగు అక్షరాలు వచ్చాయి.

సెయ్యి ఇటియ్యి.

ఫోన్ చేసింది. "బావా, ఏటి పంపుతన్నావు?"

"నానేటీ పంపనేదు భానూ. ఆపేసి టీ తాగుతన్నాను."

పైపొట్లం మీద అతని కంప్యూటర్ చిరునామానే ఉంది. లోపలిదాని మీద పంపినవాళ్ల చిరునామా లేదు. చూస్తుండగానే మళ్లీ వచ్చింది. సెయ్యి ఇటియ్యి. మళ్లీ... మళ్లీ...

"బావా, వైరు పీకేసి పైకొచ్చీ," గొంతు తగ్గించి అంది.

"ఉండు... నా ఎనకాల ఎవులో..."

టక్.

ఫోన్లోంచి కాదు, తన పాదాల కిందనుంచి. టక్... టక్... కాలితో తొక్కితేనే పడే మిషను కత్తి అది. ఆ వెంటనే కేక.

మెట్లు ఎలా దిగిందో ఆమెకు గుర్తులేదు. మసక వెలుతురులో సాయికుమార్ మిషను మీద బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి కత్తి కిందికి ఇంకా ఇంకా సాగిపోతోంది. లాగేవాళ్లెవరూ లేరు. మణికట్టు మీద మాత్రం అయిదు గుంటలు పడి, చర్మం తెల్లగా నొక్కుకుపోయింది. కత్తి లేచింది. పడింది. వెచ్చటి రక్తం ఆమె ముఖాన చిమ్మింది.

మూలనున్న ఇనుప కమ్మీ అందుకుని, ఆ గుంటల పైన గాలిలోకి కొట్టింది. మెత్తని దేనికో తగిలింది. లోపల ఎముక విరిగిన చప్పుడు. మళ్లీ కొట్టింది. ఎవరో ఆమె జుట్టు పట్టి తల గోడకేసి బాదారు. కళ్లు బైర్లు కమ్మాయి. అయినా ఆగలేదు... కొడుతూనే ఉంది... పట్టు సడలింది.

బావను చంకల కింద పట్టి వానలోకి ఈడ్చుకొచ్చింది. ఎదురింటి దానయ్య తన ఆటోలో ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చాడు.

సాయికుమార్ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. తెగినవాటిని ఎప్పుడు ఏరుకున్నాడో, స్పృహ తప్పినా ఎడమ గుప్పిట విప్పలేదు. నర్సు మెల్లగా గుప్పిట తెరిచి, ఉన్నవి ట్రేలో పెట్టి, భాను వైపు తిరిగింది.

"ఎన్ని తెగినాయన్నావమ్మా?"

"రెండు."

ట్రేలో మూడున్నాయి. మూడోది సన్నటి ఆడవేలు. జీడి రసానికి గోరుదాకా నల్లబడి ఉంది.

ఇద్దరూ చూస్తుండగానే... అది మెల్లగా ముడుచుకుంది.