నేను చెప్పమనేదాకా

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. నిజమే. మా కూర మాడిందంటే ఆ కబురు పక్కింటికి చేరేది నా వల్లే. కానీ నర్సు బట్టలు వేసుకున్నానంటే నేను వేరే మనిషిని. రోగి చెప్పిన మాట రోగి సొత్తు. దాన్ని మొయ్యడమే మన పని.

ఆ సాయంత్రం మామూలుగానే మొదలైంది. కొన్నాళ్ళుగా కుడి డొక్కలో సన్నగా నొప్పి. వేళకి తినకుండా వార్డులో పరుగులు పెడితే ఇంతేలెమ్మని ఎవరితోనూ అనలేదు. మందుల ట్రే సర్ది, వరండా చివరి గది దాకా వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది. అంతకు నెల ముందు దాకా మా టైలరమ్మ ఉన్న గది అది.

టైలరమ్మకి కడుపులో క్యాన్సర్. ఆ సంగతి డాక్టరు ముందు కూతురికి చెప్పాడు, ఈ వరండాలోనే నిలబెట్టి. ఎవరి కడుపు, ఎవరికి చెప్పడం! నాకు ఒళ్ళు మండింది. కూతురు మాత్రం నా చేతులు పట్టుకుని బతిమాలింది.

"అమ్మకి చెప్పకండి సిస్టర్. గుండాగి పోతుంది."

కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, తల్లి ముందు నవ్వింది. "ఏం లేదమ్మా, చిన్న రాయట, తీసేస్తారట. కడుపునిండా తిను, అదే సర్దుకుంటుంది."

కూతురు అటు వెళ్ళగానే టైలరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా కొలతలు నాకు చెప్పకుండానే నన్ను కోస్తారా తల్లీ?"

వెళ్ళి డాక్టర్ని లాక్కొచ్చాను. ఆయన తల దించుకుని మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాడు, ఆపరేషను బల్ల మీదే ప్రాణం పోవచ్చన్న సంగతితో సహా. ఆమె, "కోయండి. నేనే ఒప్పుకుంటున్నా" అంది. ఆయన వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచి నా నోటి మీద అరచెయ్యి పెట్టింది. సూదులు గుచ్చుకుని మొద్దుబారిన వేళ్ళు. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా ఆ చేతికి కుట్టుమిషను నూనె వాసన పోలేదు.

"నాకు తెలుసని దానికి చెప్పకు. తెలిస్తే నా ముందు నవ్వలేదు. నవ్వనీ పిచ్చిదాన్ని. నేను చెప్పమనేదాకా చెప్పకు."

సరేనన్నాను. మర్నాడు ఆమె ఆ బల్ల మీద నుంచి లేవలేదు. చెప్పమనే మనిషే పోతే ఇక నేనెవర్ని అడగను?

ఆ ఖాళీ మంచం దగ్గర్నుంచి వెనక్కి తిరిగేసరికి, గది బయట బెంచీ మీద ఆ కూతురే కూర్చుని ఉంది. సగానికి సగం అయిపోయింది మనిషి.

"రాయేనని మోసం చేసి అమ్మని కత్తి కిందికి తోశాను సిస్టర్. తిండి సయించట్లేదు, నిద్ర రావట్లేదు. తెలిసుంటే వద్దనేదేమో... ఒక్కటి చెప్పండి. అమ్మకి తెలుసా?"

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మనిషి పోయినంత మాత్రాన ఆమె రహస్యం ఊరుమ్మడిది కాదు. కానీ బతికున్నది నా కళ్ళ ముందే చచ్చిపోతోంది. నా మాట పోతే పోనీ అనుకుని నోరు తెరిచాను.

చల్లగా... ఏదో అడ్డం పడింది.

అరచెయ్యి.

వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ట్యూబ్‌లైటు గుయ్యిమంటోంది. ఎక్కణ్ణుంచో మిషను నూనె వాసన... దగ్గరగా... ఇంకా దగ్గరగా. మొద్దువేళ్ళు నా దవడని నొక్కుతున్నాయి. ఊపిరి అందడం లేదు.

నా మౌనం చూసి, తల్లికి తెలియదనే అనుకుంది ఆ పిల్ల. "అర్థమైందిలెండి" అని లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఆ నడక చూసి నా గుండె తరుక్కుపోయింది. ఆ చేతి కిందే, మనసులోనే ఏడ్చాను. నీ కూతురే కదమ్మా! ఇట్లాగైతే అది బతకదు. ఇకనైనా ఒప్పుకో.



ఒక్కో వేలూ... మెల్లగా... వదిలింది. చెవి పక్కనే గుసగుస.

"నేనే చెప్తాలే."

పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తాను. గేటు దగ్గర అరుగు మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం తేటపడింది.

"అమ్మకి తెలుసట సిస్టర్! తనే ఒప్పుకుందట. నేను నవ్వుతుంటే చూడాలని మీ నోరు మూసిందట."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం. ఆ ఏడుపుతో నా గుండె మీది బరువంతా దిగిపోయింది. కాసేపటికి ఆ పిల్ల తలెత్తి నన్ను, ఆపైన నా కుడి డొక్క వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారిపోయింది.

"అమ్మ ఇంకేమైనా చెప్పిందా?" అన్నాను.

ఏదో చెప్పబోయింది. ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. గేటు దీపం వెలుతుర్లో ఆమె పెదాల చుట్టూ తెల్లగా నొక్కులు పడ్డాయి, ఒక్కో వేలూ విడివిడిగా. అవి చెరిగిపోయాక కళ్ళు తుడుచుకుని నవ్వింది. అప్పుడు తల్లి ముందు నవ్విన నవ్వే.

"ఏం లేదు సిస్టర్. కడుపునిండా తినండి, అదే సర్దుకుంటుంది."