రెండే అయినయ్

ఆ కొయ్య ఇంటి పక్కన ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకొద్దట. పలికినవాళ్లు అడవిలోకి నడుచుకుంటూ పోతారట... మళ్లీ కనబడరట.

ఇది మన ఊళ్ల ముచ్చట కాదు. కెనడా ఉత్తరపు కొసన వైట్‌హార్స్ అని ఆ ప్రాంతానికి ఒక రాజధాని ఉంది. రాజధాని అంటే ఏదో అనుకునేరు — మెట్‌పల్లికన్నా చిన్నది. నాలుగు వీధులు, ఒక ఏరు, ఆపైన ఎటు చూసినా మనిషి లేని అడవి.

రఫియాది ఆ మెట్‌పల్లే. దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఒక విల్లాలో తొమ్మిదేళ్లుగా పిల్లల్ని సాకుతోంది. ఆమె నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

జూన్‌లో దోహా పెనంలా కాలుతుంటే, మేడమ్ కుటుంబం చల్లదనానికి అక్కడికి బయలుదేరింది. అప్పటికే రఫియా తల్లి మంచాన పడింది. "ఒక్కసారి చూసొస్తా మేడమ్" అని కాళ్లావేళ్లా పడింది రఫియా.

"తిరిగొచ్చాక పంపిస్తా. యల్లా, పెట్టెలు సర్దు" అంది ఆ మహాతల్లి.

చచ్చేవాళ్లు మన సెలవులు చూసుకుని చస్తారు కాబోలు!

అద్దె ఇల్లు ఊరి చివర. దాని వెనక, అడవి అంచున, తలుపు ఊడిన ఆ కొయ్య ఇల్లు. తాళాలిచ్చినామె దాని కథ చెబితే మేడమ్ నవ్వింది. రఫియాకి మాత్రం నవ్వకుండా చెప్పింది. భయం పెడితే పనిమనిషి గడప దాటదు కదా.

మూడో రోజు. రాత్రి పదకొండు. ఆ నెలలో అక్కడ చీకటే పడదు — చెట్ల కొనల మీద ఇంకా ఎండ. రఫియా గిన్నెలు కడుగుతోంది. సాయంత్రం నుంచి ఫోన్ కనబడటం లేదు. మేడమ్ కూతురు, ఆరేళ్ల శిఫా, నిద్రపోయిందనుకుంది.

వెనక, కొయ్య ఇంట్లోంచి...

"రఫీ..."

చేతిలో గిన్నె ఆగింది. అది అమ్మ గొంతు.

చిన్నప్పుడు ఆ అమ్మే నేర్పింది — "రాత్రిపూట ఎవరన్న పిలిస్తే మూడోసారికి గాని పలుకకు బిడ్డా. దయ్యం రెండుసార్లే పిలుస్తది."

కుళాయి కట్టేసింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు...

"రఫీ..."

దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకటి... రెండు. మూడోది వినబడితే ఉరుకుదామని గడప మీద నిలబడింది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

మూడోది రాలేదు.

కొయ్య ఇంటి గుమ్మంలో చిన్న నీడ కదిలింది... శిఫా! చేతిలో రఫియా ఫోన్. పడుకునే వేళ ఫోన్లు 'మాఫీ', అంటే లేనే లేవు, అని మేడమ్ కట్టడి. అందుకే దొంగచాటుగా ఆడుకోను పట్టుకుపోయింది.

"అమ్మకు చెప్పకు రఫియా" అంది గుసగుసగా. "ఆడుతుంటే కాల్ వచ్చింది, వేలు తగిలి ఎత్తేసింది. స్పీకర్లో ఎవరో ముసలామె రెండుసార్లు నీ పేరు పిలిచింది. మాట్లాడితే దొరికిపోతానని ఊరుకున్నా."

మెట్‌పల్లిలో అప్పుడు పట్టపగలు పదకొండున్నర. తమ్ముడు ఇక్రాముద్దీన్ తల్లి నోటి దగ్గర ఫోన్ పట్టుకున్నాడు. బిడ్డ గొంతు ఒక్కసారి వినాలని ఆమె ఆశ. రఫియా తిరిగి ఫోన్ కలిపేసరికి ఆమె లేదు.

రఫియా చేతి గడియారంలో ఇంకా దోహా టైమే — పొద్దున తొమ్మిది. కనీసం అది చూసుకున్నా పలికేది. పొద్దున తొమ్మిదింటికి ఏ దయ్యం పిలుస్తుంది?

దోహా తిరిగొచ్చాక ఇప్పుడు సెలవిస్తానంటోంది మేడమ్. ఎవరిని చూడ్డానికి పోవాలట?

మొన్న శుక్రవారం పొద్దున ఉమ్ సలాల్ వెళ్లాను. వంటింట్లో మేమిద్దరమే. రఫియా ముఖంలో ఏడుపు లేదు, ఏమీ లేదు. చాయ్ పోస్తూ పోస్తూ చేయి ఆపి, వెనక తలుపు వైపు తిరిగి —

"ఆఁ... ఉన్న అమ్మీ" అంది.

గోడ గడియారంలో తొమ్మిది.

"ఎవరూ పిలవలేదు కదే!" అన్నాను.

"పిలువలే సుసన్నక్కా. నాకెరికే." చాయ్ నా ముందుకు జరిపింది. "రెండే అయినయ్. మూడోదానికి లేటు కావొద్దని... ముందే పలుకుతున్న."