సున్నపు గోడ దగ్గర చెయ్యెత్తే మనిషి

నాంపల్లి స్టేషన్ వెనకవైపు, మూతబడ్డ ఒక లాడ్జి దాటగానే పొడుగ్గా పాత సున్నపు గోడ ఉంటుంది. ఆ గోడ చివర రోడ్డు ఎడమకు తిరుగుతుంది. పగలు అక్కడ చూడ్డానికేమీ లేదు. చెత్తకుండీ, పంక్చర్ కొట్టు, చిరిగిన పోస్టర్లు. రాత్రయితే మాత్రం అబిడ్స్ స్టాండులోని ఆటోవాళ్లు చుట్టు తిరిగైనా పోతారు గానీ అటు పోరు.

అక్కడ ఒక ఆడమనిషి నిలబడుతుందట. ఎర్ర చీర, చంకలో మూట. పలకదు, ఉలకదు. ఆటో కోసం చెయ్యెత్తుతుంది... అంతే.

"కనబడినా చూడనట్టే పోవాలె," అనేవాడు స్టాండులో అందరికంటే పెద్దవాడు దుర్గయ్య, గొంతు తగ్గించి.

భూపాల్ నవ్వేవాడు. ఊళ్లో పొలం పనులు వదిలి వచ్చినప్పటి నుంచి అతనికి ఆటోనే బతుకు. "దుర్గన్నా, ఈ కాలంల సవారీ దొరుకుడే కష్టం. దెయ్యమైతే ఏంది, ఎక్కించుకుంట!"

ఆ నవ్వు ఒక వానాకాలం రాత్రితో పోయింది.

అఫ్జల్‌గంజ్‌లో సవారీని దింపి ఖాళీగా వస్తున్నాడు. లాడ్జి దాటాడు. బజారు చప్పుడంతా వెనకపడింది. ఇంజను చప్పుడొక్కటే... పక్కన గోడ అలా సాగుతూనే ఉంది... సాగుతూనే ఉంది...

ఎదురుగా — ఎర్ర చీర!

బండికి బెత్తెడు దూరంలో చెయ్యెత్తి నిలబడి ఉంది.

హ్యాండిల్ పక్కకు తిప్పేశాడు. ఆటో ఫుట్‌పాత్ ఎక్కి, గోడను గీసుకుంటూ పోయి ఆగింది. తిరిగి చూస్తే వాన, రోడ్డు. ఇంకెవరూ లేరు.

ఇంటికొచ్చి భార్య భాగ్యకు చెప్పాడు. ఆమె నవ్వలేదు. చాలా రోజులుగా ఒక మాట ఆమె గొంతులోనే ఇరుక్కుని ఉంది.

"రాత్రిపూట నీ గొంతు ఎవరో పిసుకుతున్నరయ్యా," అంది మెల్లగా. "గుర్రు పెడుతుంటవా... ఒక్కసారే ఆగిపోతది. ఊపిరే ఉండదు. నేను లేసి కూసుంట. కాసేపటికి ఎవరో ఇడిసిపెట్టినట్టు ఎగిరిపడి గుక్క తిప్పుకుంటవ్. మల్ల పండుకుంటవ్... మల్ల పిసుకుతరు."

భూపాల్ తన గొంతు తడుముకున్నాడు. రోజూ పొద్దున్నే తల బండరాయిలా ఎందుకుంటుందో, పగలంతా కళ్లెందుకు మూతలు పడుతున్నాయో అప్పుడు తెలిసినట్టనిపించింది. అది రోడ్డు మీదే ఆగలేదు, ఎన్నాళ్ల కిందటో తన వెంట ఇంటికొచ్చింది!

మెళ్లో తాయెత్తు పడింది. గుమ్మానికి నిమ్మకాయలు వేలాడాయి. చుట్టు తిరిగి పోవడం అతనికీ అలవాటైంది.

కానీ ఒక రాత్రి స్టేషన్ దగ్గర చంటిపిల్లతో మొగుడూ పెళ్లాలు ఎక్కారు. రోడ్డు పని అని చుట్టు దారి మూసేశారు. మిగిలింది గోడ దారే. భూపాల్ తాయెత్తు పట్టుకుని పోనిచ్చాడు. మలుపు దాకా బాగానే వచ్చాడు. అక్కడ... ఆమె!

ఈసారి ఆటో పక్కకు ఒరిగి పడిపోయింది. తల్లి నుదురు పగిలింది. పిల్ల ఎగిరి సామాన్ల సంచి మీద పడింది కాబట్టి బతికింది. తండ్రి భూపాల్ కాలర్ పట్టుకున్నాడు.

"తాగినవా?"

"తాగలేదన్నా... ఆమె అడ్డమొచ్చింది."

"ఎవరు? రోడ్డంతా ఖాళీగ ఉన్నది కదా!"

దవాఖానలో ఆ తల్లికి కుట్లు వేస్తుంటే భూపాల్ బయట బెంచీ మీద కూలబడ్డాడు. పసిదాని ఏడుపు చెవిలో గింగురుమంటూనే ఉంది. అంత బాధలోనూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయాడు. అటుగా పోతున్న ఛాతీ జబ్బుల డాక్టర్ ఉజ్వల ఆ గుర్రు విని ఆగింది. గుర్రు తెగిపోయింది. ఆమె అలాగే నిలబడి చూసింది. అతను ఎగిరిపడి గాలి పీల్చుకున్నాక భుజం తట్టి లేపింది.

ఒంటి నిండా తీగలు పెట్టి ఒక రాత్రంతా పరీక్ష చేశారు.

"మిమ్మల్ని ఏ దెయ్యమూ పట్టలేదు," అంది డాక్టర్. "నిద్రలో మీ గొంతు మూసుకుపోతోంది. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు మిమ్మల్ని లేపుతోంది. స్లీప్ ఆప్నియా అంటారు. ఏళ్ల తరబడి మీకు సరైన నిద్ర లేదు. అందుకే చప్పుడు లేని రోడ్డు రాగానే కళ్లు తెరిచి ఉండగానే కల కంటున్నారు. ఆమె మీ కల."

కల! భూపాల్‌కు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

వైద్యం ఏమిటంటే ఒక మిషిను. దాని గొట్టం చివర ముక్కునూ నోటినీ కప్పే మాస్కు. రాత్రంతా అది గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అది లేకుండా పడుకోవద్దు, నిద్ర తీరేదాకా బండి నడపొద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పింది.

మొదటి రాత్రి మాస్కు బిగించగానే ఎవరో అరచెయ్యి మొహం మీద అదిమినట్టైంది. ఊపిరి వదలబోతే గాలి ఎదురుతిరిగింది. నోరెండిపోయింది, కడుపు ఉబ్బిపోయింది. గొట్టం మెడ చుట్టూ పాములా... పీకి అవతల పారేశాడు.

రెండో రాత్రీ అంతే. ఆ తర్వాత నిద్రలోనే పీకేయసాగాడు. భాగ్య మళ్లీ తొడిగేది. అతను పీకేవాడు. ఆమె తొడిగేది. గోడకు ఆనుకుని కూర్చుని, చీకట్లో ఆ ఊపిరినే వింటూ తెల్లవార్లూ గడిపేది. ఆమె కళ్ల కింద నల్లటి గుంటలు పడ్డాయి.

ఒకనాడు అతను మిషిను నేలకేసి కొట్టబోయాడు.

"నాతోని కాదే! దీని కంటె ఆమె చేతుల సచ్చుడు నయం!"

భాగ్య అడ్డం పడి మిషిను పొట్టకు కరుచుకుంది.

"నువ్వు సస్తవ్. ఒక్క రాత్రిల అయిపోతది నీకు," అంది. "ఆ పసిపిల్ల సచ్చిపోతే ఏం చేసేటోనివి? ఊపిరి ఆగినప్పుడల్లా ఇదే ఆఖరిదేమో అని నేను ఎన్నిసార్లు సచ్చిన్నో నీకేం ఎరుక?"

భూపాల్ నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు ఇద్దరూ డాక్టర్ దగ్గరికి పోయారు. ఆమె ముక్కు మటుకే కప్పే చిన్న మాస్కు ఇచ్చింది, గాలి మెల్లగా మొదలయ్యేలా మార్చింది. "ముందు మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకుని అలవాటు చేసుకోండి," అంది. అప్పటి నుంచి పొద్దునపూట భాగ్య బెండకాయలు తరుగుతుంటే అతను ఎదురుగా మాస్కు పెట్టుకుని కూర్చునేవాడు. ప్రాణం ఉక్కిరిబిక్కిరి అయ్యేది. "ఇంకొంచెంసేపు... ఇంకొంచెం," అనేది ఆమె. ఆ ఇంకొంచెమే రోజురోజుకూ పెరిగింది.

ఒక పొద్దున అతను కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది. మాస్కు మొహం మీదే ఉంది. తల దూదిలా తేలిగ్గా ఉంది. తను ఎవరో, ఎక్కడున్నాడో గుర్తుకు రావడానికే కాసేపు పట్టింది.

డాక్టర్ సరే అన్నాక బండి తీశాడు. గుండె దిటవు చేసుకుని గోడ దారినే పోయాడు. ఎవరూ లేరు. మర్నాడూ లేరు. నెల గడిచినా లేరు. "దెయ్యం లేదు, గియ్యం లేదు, అంతా నిద్ర!" అని స్టాండులో అందరికీ చెప్పాడు.

ఒక్క భాగ్యకే నిద్ర రావట్లేదు. గుర్రు వినబడని ఇంట్లో ఆమెకు ఇంకా భయమైంది. మిషిను మీద చెవి పెట్టి రాత్రంతా మేలుకునే ఉండేది. నాలుగు రోజులు చెల్లెలింటికి పోయినా అక్కడా కన్ను మూతపడలేదు.

ఆమె తిరిగొచ్చిన రైలు బాగా ఆలస్యమైంది. భూపాల్ స్టేషన్‌కు పోయి ఎక్కించుకున్నాడు.

"దా, నీకు ఆ జాగ చూపిస్త. నీ భయం గూడ పోతది," అన్నాడు హుషారుగా.

లాడ్జి దాటారు. గోడ మొదలైంది. భూపాల్ కళ్లు చీకట్లో పిల్లి కళ్లలా తేటగా ఉన్నాయి. మలుపు వచ్చింది...

"ఏమయ్యా, ఆపు!" భాగ్య అతని భుజం పట్టుకుంది.

బ్రేకు కొట్టాడు. "ఏమైందే?"

"ఏమైంది ఏంది? పాపం, ఆడమనిషి గంతసేపటి నుంచి చెయ్యెత్తుతుంటే చూడకుండ పోతున్నవ్!"

భూపాల్ చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. చెత్తకుండీ... పోస్టర్లు... ఖాళీ రోడ్డు.

"భాగ్యా..." అన్నాడు. "నువ్వు... నువ్వు పండుకోక ఎన్ని రోజులాయె?"

ఆమె ఆ మాట వినలేదు. సంచి ఒళ్లోకి లాక్కుని పక్కకు జరిగింది.

"దా అమ్మా. జర వంగి ఎక్కు, తలకు తగులుతది."

అతను అద్దంలోకి చూశాడు. సీటు అంచున ఒదిగి భాగ్య. ఆమె పక్కన... ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటువైపు తిరిగి ఆమె ఏదో విన్నది. ఔనౌనన్నట్టు తలూపింది.

తర్వాత ముందుకు వంగి, భూపాల్ భుజం మెల్లగా తట్టింది.

"పోనియ్యి," అంది. "కూసున్నది."