నాలుగో చరణం

“పదకొండు పేర్లు,” అన్నాడు నార్త్ యార్క్‌లోని గూఢచారి ఆఫీసులో చీఫ్ విశ్వనాథం. “మనకి రహస్యంగా సమాచారం ఇస్తున్నవాళ్ళవి. ఇవాళ లంచ్‌లో ఆ లిస్ట్ చేతులు మారుతుంది. మారితే ఒక్కరూ మిగలరు.”

“కొనేదెవరు?”

“నీలం టై. అంతవరకే తెలుసు. మృదుల అక్కడే ఉంటుంది. ఆవిడ నేర్పింది గుర్తుందిగా?”

రంగనాథ్ తలూపాడు. విదేశీ ముఠాలో మృదుల రెండేళ్ళుగా తమ ఏజెంట్. ఈ లంచ్‌లో కలిసిపోవడానికి, ఆరు వారాలు గ్వెల్ఫ్ ఊళ్ళో కూర్చోబెట్టి అతనికి స్వీడిష్ పాట నేర్పింది. రెండు వందల ఏళ్ళనాటి సారాకొట్టు పాట: తాగుబోతు చచ్చి స్వర్గద్వారం దగ్గరికి పోయి, ఆదివారం తెరుస్తారా అని అడుగుతాడు. “మూడో చరణం అవ్వగానే తాగెయ్యండి రంగనాథ్ గారూ. లేటైతే దొరికిపోతారు,” అని మరీమరీ చెప్పింది.

వాన్ అనే శివారు ఊళ్ళో, గోడౌన్ల వెనక అద్దె హాలు. పాతపాటల క్లబ్బు విందు. నలభై మంది, నలభై గ్లాసులు, తలా ఒక పాటల పుస్తకం. పాట చివర పుస్తకాలు మార్చుకుని సంతకాలు చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. లిస్ట్ మారేది అప్పుడే.

మూడో చరణం ముగిసింది. రంగనాథ్ గ్లాసు పెదవిదాకా తెచ్చి, అలవాటుగా పక్కకి చూశాడు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఏ ఫోర్కు ముందు తీయాలో తెలియక అబ్బిన అలవాటు అది. పక్కన ముసలావిడ తాగలేదు. ఎవరూ తాగలేదు. గ్లాసులన్నీ గుండెల ఎత్తున ఆగి ఉండగా నాలుగో చరణం మొదలైంది.

నీలం టై పాడటం లేదు. ఒక్కొక్క నోటినే పరీక్షగా చూస్తున్నాడు.

రంగనాథ్ గ్లాసు దించాడు. ఆరు వారాలు ఆమె నేర్పింది పాట కాదు, వేలెత్తి చూపకుండానే అతన్ని పట్టించే గుర్తు. తెలియకపోవడానికి మనం పెట్టుకున్న మర్యాదైన పేరే నమ్మకం కాబోలు అనుకున్నాడు. మళ్ళీ చరణంలో గొంతు కలిపాడు.

పాట ముగిసింది. అందరూ తాగారు. మృదుల తన పుస్తకాన్ని నీలం టై ముందుకు జరిపింది. అతని చెయ్యి సగంలో ఆగిపోయింది. గుర్తుపట్టాల్సిన మనిషి ఇంకా దొరకలేదు. దొరికేదాకా సరుకు ముట్టుకోడు. ఆ రెండు క్షణాలే మిగిలాయి.

“ముందు నేను సంతకం పెడతానండీ,” అంటూ రంగనాథ్ పుస్తకం లాక్కుని, చొక్కా చేతి గుండీ నొక్కాడు. గుండీలోని ట్రాన్స్‌మిటర్ బయటికి సంకేతం పంపింది. తలుపులు తెరుచుకున్నాయి. పోలీసులు నీలం టైని కుర్చీలోనే పట్టుకున్నారు. పుస్తకం అట్టలో గోరంత మెమరీ కార్డు దొరికింది.

మృదుల బేడీలకి చేతులు తనే ముందుకు చాపింది.

“నాలుగోది నేను చెప్పలేదే!”

“పక్కావిడ తాగలేదు.”

“ఇంకా పక్కవాళ్ళని చూస్తూనే ఉన్నారన్నమాట.” నవ్వబోయి మానేసింది. “రెండు వైపులా నటించీ నటించీ విసిగిపోయాను రంగనాథ్ గారూ. ఒకవైపుకి తేల్చుకున్నాను.”

“తేల్చుకోండి. దానికి నా ప్రాణం ఎందుకు?”

ఆమె అతని కళ్ళలోకి తిన్నగా చూసింది. చూపు దించుకుని ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

ఆమెని తీసుకెళ్ళాక, ముసలావిడ తన పుస్తకంలో పేజీ తిప్పి అతని వైపు జరిపింది. “ఇంకో పాట ఉంది. వచ్చా?”

“రాదండీ. ఎవరూ నేర్పలేదు.”

అంతకంటే భద్రమైన అర్హత ఆ రోజు అతనికి మరొకటి కనిపించలేదు.