మూడో సిలిండర్ మూగనోము

నేను ఆ ఇంటి అల్లుణ్ణి అవుతానో లేదో తేల్చేది ఒక కారని ముందే తెలిస్తే, ఆ రోజు అంత తెల్లటి చొక్కా వేసుకుని వెళ్ళేవాణ్ణి కాదు.

మాస్టారు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డ్రైవింగ్ స్కూల్ నడిపి రిటైరైన మనిషి. నడుం పట్టేసి బిగుసుకుపోయి ఉన్నారు. నేను గొంతు సవరించుకుని "అంకుల్, మీ అమ్మాయిని..." అనేలోపే చెయ్యెత్తారు.

"పళ్ళ డాక్టరువటగా?"

"అవునండీ."

"నీ కారు నువ్వే బాగుచేసుకుంటావని మా అమ్మాయి తెగ డప్పు కొట్టింది. పొద్దున్నుంచి నా కారు ఒకటే కుదుపులు. అదేంటో కనిపెట్టు. మిగతావి తర్వాత మాట్లాడదాం."

షెడ్డు రేకుల మీద వాన దరువేస్తోంది. ఆయన వెనక తలుపుకి ఆనుకుని ఆమె నిలబడింది. మొదటిసారి నా క్లినిక్‌కి వచ్చినప్పుడు నా వేలు కొరికిన మనిషి. "నొప్పి పెట్టదన్నారు, పెట్టింది, కొరికాను" అని ఆమె చెప్పిన న్యాయానికే నేను పడిపోయాను. ఈ రోజు మాత్రం ఆ ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాన్న కాదంటే ఆయన్ని కాదని రాలేనని ముందే చెప్పేసింది.

"ఒక్క మాట," అన్నారు మాస్టారు. "ఈ కారు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు. ఇవాళ నడుం వంగక నీకిస్తున్నా. జాగ్రత్త."

స్టార్ట్ చేశాను. ఇంజిన్ వణికింది, కుంటింది. నాలుగు సిలిండర్లలో ఏదో ఒకటి పనిచెయ్యడం లేదు. ఏది? క్లినిక్‌లో అయితే ఒక్కో పన్నూ తట్టి "ఇక్కడ నొప్పా?" అని అడుగుతాను. ఇక్కడా అదే పద్ధతి. ఇంజిన్ నడుస్తుండగానే ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే కాయిల్స్‌లో మొదటిదాని వైరు పీకాను. కుదుపు ఇంకా ఎక్కువైంది. అంటే అది బాగానే ఉంది. మళ్ళీ పెట్టేశాను. రెండోదీ అంతే. మూడోది పీకాను. ఇంజిన్ చప్పుడులో ఏ మార్పూ లేదు.

"దొరికింది," అన్నారు మాస్టారు, కళ్ళు మూసుకుని వింటూ. "మూడోది మూగనోము పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పు."

ఇంజిన్ ఆపి కాయిల్ పైకి లాగాను. దాని కింద ప్లగ్గు ఉండే గుంటలోకి టార్చ్ వేస్తే లోపల నీళ్ళు. ప్లగ్గు మునిగిపోయి ఉంది. వాన నీళ్ళు అక్కడిదాకా రావు. చుట్టూ చూశాను. ఇంజిన్ కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. ఎవరో పైపు పెట్టి కడిగేశారు.

ఎవరో ఏమిటి! ఈ కారు మీద ఇంకో చెయ్యి పడదు. మాస్టారికేమో నడుం పట్టేసింది. కారు కడిగి కడిగి పట్టేసిందన్నమాట.

తలెత్తి చూస్తే ఆమె వద్దు వద్దని తల ఊపుతోంది. వాళ్ళ నాన్న పరువు కాపాడమంటోందని అర్థమైంది. కాయిల్ పాతదైపోయిందంటే సరిపోతుంది. ఆయన ముఖం నిలబడుతుంది, నా పెళ్ళి కుదురుతుంది. కానీ వచ్చే వారం ఆయన మళ్ళీ పైపు పట్టుకుంటారు. కారు ఏ నడిరోడ్డు మీదో ఆగిపోతుంది. అందులో ఈమె ఉంటుంది.

"ఏంటయ్యా, నీకూ మూగనోమేనా?"

"అంకుల్, కోపం తెచ్చుకోకండి. ఇంజిన్‌ని పైపుతో కడిగారు. ప్లగ్గు గుంటలోకి నీళ్ళు దిగాయి. మీరైనా సరే, అలా కడగకూడదు."

మాస్టారు కుర్చీతో సహా తిరిగి కూతురి వైపు చూశారు.

"నేను కడగలేదే," అన్నారు నెమ్మదిగా.

ఆమె కళ్ళు దించుకుంది. అప్పుడుగానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఆమె తల ఊపింది తన కోసం. నేను పెద్ద వీరుడిలా నిలబడి పట్టించింది ఆమెనే.

"నేనే కడగమన్నాను అంకుల్!" నోట్లోంచి ఊడిపడింది. "మురికిగా ఉంటే నాకు పడదని ఫోన్లో చెప్పాను. తన తప్పేం లేదు."

"అబద్ధం నాన్నా," అంటూ ఆమె ముందుకొచ్చింది. "ఇతనికేం తెలీదు. ఇంటికెవరొచ్చినా నువ్వు బానెట్ తీసి చూపిస్తావుగా. నీ కారు మెరిసిపోతుంటే నీకు హుషారొస్తుంది, మా మాట వింటావని నేనే కడిగాను. నువ్వు కాదంటావేమోనని భయమేసింది. నాకు ఇతనంటే ఇష్టం నాన్నా."

మాస్టారు కారు వైపు చెయ్యి చూపించారు. "ముందు ఆ నీళ్ళు తుడువు," అన్నారు నాతో.

తుడిచాను. ప్లగ్గు విప్పి ఆరబెట్టి, కాయిల్ పెట్టి స్టార్ట్ చేశాను. ఇంజిన్ వణుకు ఆగింది. మాస్టారు మళ్ళీ కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మడూ," అన్నారాయన చివరికి. "కడిగింది నేననుకున్నప్పుడు మామగారి మొహం మీదే నిజం చెప్పాడు. నువ్వని తెలియగానే క్షణం ఆలోచించకుండా అబద్ధమాడాడు. ఇలాంటోడు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడే నీకు?"

'మామగారు' అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. నా తెల్ల చొక్కా మీది గ్రీజు మరకలోనే వేలు పెట్టి పొడిచింది.

"నన్నే పట్టిస్తావా? పెళ్ళి కానీ, నీ పని చెబుతా."